మీనా సల్మాన్ సాక్ష్యం

జోంబా దగ్గర, మలావీ
సెప్టెంబరు 14, 2025

అక్కకి,

వందనాలు. చేరిన రెండు వారాలకి రాస్తున్నాను, తిట్టకు. ఇక్కడ ఫోన్లన్నీ ఆఫీసు గదిలో పెట్టి తాళం వేస్తారు. నేర్చుకునే పిల్లలకే కాదు, నేర్పే మాకూ అంతే. ఆదివారం మధ్యాహ్నం గంటసేపు చేతికిస్తారు. అప్పుడు కూడా సిగ్నల్ కావాలంటే గుట్ట సగం ఎక్కాలి. అందుకని వారమంతా తీరిక చూసుకుని కాగితం మీద రాసి, ఆదివారం ఫోటో తీసి పంపుతాను. నువ్వూ చేత్తో రాసి ఫోటో పంపు. నీ చేతిరాత చూస్తే పక్కన కూర్చుని తిడుతున్నట్టే ఉంటుంది.

ఇరవైనలుగురు ఉన్నారు. మలావీ వాళ్ళు, జాంబియా వాళ్ళు, మొజాంబిక్ నుంచి నలుగురు. అందరూ పాతికేళ్ళ లోపే. ఆరు నెలలు ఇక్కడ ఉండి, తిరిగి తమ సంఘాల్లో యువకుల్ని నడిపించాలి. పొద్దున వాక్యధ్యానం, ఆ తర్వాత మొక్కజొన్న చేలో పని, మధ్యాహ్నం నా క్లాసు. సభ ఎలా నడపాలి, ఇద్దరు కొట్లాడుకుంటే ఎలా కూర్చోబెట్టాలి, తప్పు జరిగినప్పుడు నాయకుడు ఎక్కడ నిలబడాలి, ఇవీ నా పాఠాలు.

వారానికొకరు నాయకుడు. నాయకుడికి ఇక్కడ కుర్చీ ఉండదు. అందరికంటే ముందు లేచి నీళ్ళు మొయ్యాలి, అందరూ తిన్నాక తినాలి. నేర్పే మాకూ వంతు తప్పదు, పోయిన వారం అది నాదే. తినేది మొక్కజొన్న పిండి ముద్ద, న్సీమా అంటారు. మన సంకటి తెల్లగా ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఒకసారి అలవాటైతే అన్నం గుర్తురాదు అంటున్నారు. నాకైతే రోజూ గుర్తొస్తోంది.

ఈ కేంద్రాన్ని నడిపే పెద్దావిడ మిసెస్ ఫిరి. ముప్పై ఏళ్ళు బడిపంతులమ్మగా చేసింది. మొదటి రోజే నువ్వు రాసిన సిఫారసు ఫారం పట్టుకొచ్చి పిల్లలకి చదివింది. బహ్రెయిన్‌లో మీనా సల్మాన్ రేవు గోదాములో తోటి పనివాడి తప్పు తన మీద వేసుకున్న సోదరుడు ఇతనే అని చెప్పి నన్ను నిలబెట్టింది. అందరూ చప్పట్లు కొట్టారు. నా నోటితో చెప్పమన్నారు. చెప్పాను. అప్పటినుంచి ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను అక్కా.

తియామికే అని పందొమ్మిదేళ్ళ అమ్మాయి ఉంది, సరస్సు ఒడ్డున ఏదో ఊరు. నా కథంతా నోటుబుక్కులో రాసుకుంది. క్లాసయ్యాక వచ్చి, తప్పు చేసినతను ఆ తర్వాత మీతో ఏమన్నాడు సార్ అని అడిగింది. ఏమీ అనలేదమ్మా అన్నాను. చెప్పినదంతటిలో ఆ ఒక్క మాట నిజం.

బావని అడిగానని చెప్పు. సంఘంలో అందరికీ వందనాలు.

నీ తమ్ముడు,
మణికుమార్


జింజ్, బహ్రెయిన్
సెప్టెంబరు 26

ఒరేయ్ మణీ,

నువ్వు నీళ్ళు మోస్తున్నావంటే మీ బావ నమ్మలేదు. ఇంట్లో సోఫాలోంచి లేవకుండా అక్కా మంచినీళ్ళు అని కేకేసేవాడు ఆఫ్రికాలో బిందెలు మోస్తున్నాడా అని ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాడు. క్లినిక్‌లో మామూలే, రోజంతా పేషెంట్ల రికార్డులు వెతకడం, సంతకాలు చేయించడం. ఈ వేళ శుక్రవారం ఆరాధనలో నీ కోసం ప్రత్యేకంగా ప్రార్థన చేశారు. నీ ఫోటో హాల్లో గోడకి తగిలించారు. కింద 'మన సంఘపు విత్తనం' అని రాశారు. నేను ఆ గోడవైపు చూడకుండా కూర్చోవడం నేర్చుకుంటున్నాను.

నాలుగుసార్లు చెప్పానని రాశావు. ఐదోసారి చెప్పకు. దీని గురించి మనిద్దరం ఎప్పుడూ నోరు విప్పి మాట్లాడుకోలేదు. మొహం చూస్తూ మాట్లాడలేం కాబట్టి కాగితం మీద రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట నువ్వు గోదాములో కొత్తగా చేరావు. వచ్చిన సామాన్ లెక్క చూసి రాసుకోవడం నీ పని. బరువులకు బెల్టు కట్టి క్రేనుకి తగిలించే పని భూమేష్‌ది. ఆ రోజు అతను సంతకానికని ఆఫీసులోకి వెళ్ళాడు. క్రేను డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెట్టాడు. నువ్వు ఎవరినీ అడక్కుండా బెల్టు కట్టేశావు. అద్దాల పెట్టె జారి పడింది, ఒక బంగ్లాదేశీ భాయ్ కాలివేళ్ళు రెండు నలిగిపోయాయి. ఎవడు కట్టాడని పైవాళ్ళు అడిగితే భూమేష్ వచ్చి నేనే అన్నాడు. నువ్వు నోరు మూసుకున్నావు. ఇదంతా నువ్వే నా వంటింట్లో నేలమీద కూర్చుని ఏడుస్తూ చెప్పావు. ఆ వారంలోనే పనివాళ్ళ క్యాంపులో నీ గది ఖాళీ చేసి మా ఇంటికొచ్చేశావు.

ఈ ఏడు అక్కడ నేర్పేవాళ్ళ కోసం పంపిన ఫారంలో ఐదో ప్రశ్న ఇలా ఉంది: ఈ వ్యక్తి ఇతరుల కోసం తన్ను తాను తగ్గించుకున్న ఒక సందర్భం రాయండి. అరగంట ఆలోచించాను. నీ గురించి ఒక్కటీ దొరకలేదు. భూమేష్ చేసింది మాత్రం గుర్తొచ్చింది. అతని మెడలో ఆంజనేయస్వామి దారం ఉంటుంది. మన ఫారంలో అతనికి చోటు లేదు. ఒకరి తప్పు ఇంకొకరు మొయ్యడమంటే మనం చిన్నప్పటినుంచీ వింటున్న సువార్తే కదా, అందుకని కలం ఎక్కడా ఆగలేదు. మనుషులిద్దరినీ అటూ ఇటూ మార్చి రాసేశాను. అంత సులువుగా రాశాను చూశావా, నాకు సిగ్గనిపించేది అక్కడే. నువ్వు చదివి, అక్కా ఇదేంటి అని అడుగుతావనుకున్నాను. నువ్వు సంతకం పెట్టావు.

ఇంకో సంగతి. పోయిన మంగళవారం భూమేష్ మా క్లినిక్‌కి వచ్చాడు, చేతికి ఇనపరజను గుచ్చుకుని. నేను రికార్డుల అలమర వెనక్కి వెళ్ళి, అతను వెళ్ళేదాకా అక్కడే నిలబడ్డాను.

నీ అక్క,
విజయరాణి


జోంబా దగ్గర, మలావీ
నవంబరు 23

అక్కకి,

నీ ఉత్తరం చదివి రెండు నెలలు సరైన జవాబు రాయలేదు. వాతావరణం గురించీ న్సీమా గురించీ నాలుగు ముక్కలు రాసి తప్పించుకున్నాను. నువ్వు రాసిన ప్రతి మాటా నిజం. సంతకం పెట్టేటప్పుడు చూశాను. పెట్టాను.

ఐదోసారి కూడా చెప్పాను అక్కా. ఆరోసారి కూడా. పక్క ఊరి సంఘం వాళ్ళు పిలిస్తే వెళ్ళి చెప్పాను. చెప్పిన ప్రతిసారీ కాస్త పెరుగుతూ వచ్చింది. ఈసారైతే దెబ్బ తగిలినవాణ్ణి నేనే ఎత్తుకుని పరిగెత్తాను. అసలు ఎత్తుకున్నది కూడా భూమేష్ అన్నే.

ఇప్పుడు జరిగింది విను. చుట్టుపక్కల ఊళ్ళలో పంచడానికి పద్నాలుగు బస్తాల మొక్కజొన్న విత్తనం తెచ్చి వరండాలో పెట్టారు. వర్షాలు మొదలయ్యే కాలం. సాయంత్రమయ్యేసరికి దానిమీద టార్పాలిన్ కప్పడం ఆ వారం నాయకుడి పని. ఆ వారం నాయకుడు లింబాని అనే కుర్రాడు. మంగళవారం సాయంత్రం వాడు టార్పాలిన్ మెట్లమీద పడేసి ఫుట్‌బాల్‌కి పరిగెత్తడం నేను నా కిటికీలోంచి చూశాను. వచ్చాక కప్పుతాడులే అనుకున్నాను. వాడు కప్పలేదు, రాత్రి వాన కొట్టింది. బుధవారం పొద్దున చూస్తే తొమ్మిది బస్తాలు తడిసి ముద్దయ్యాయి.

ఇక్కడ విత్తనం పాడుచేసినవాళ్ళని ఇంటికి పంపించేస్తారు. ఆకలి చూసిన ఊళ్ళక్కా ఇవి, ఈ ఒక్క విషయంలో మాత్రం క్షమాపణ లేదు. ప్రార్థనలో మిసెస్ ఫిరి ఎవరు అని అడిగింది. లింబాని తలొంచుకున్నాడు. తియామికే లేచి నిలబడి, లింబాని నాకు అప్పచెప్పాడు, నేనే మర్చిపోయాను అంది.

నేను తర్వాత ఆ అమ్మాయిని పిలిచాను. నేను నోరు తెరవక ముందే తను అంది, "మీరు కిటికీలోంచి చూశారని నాకు తెలుసు సార్. చెప్పకండి. మీరు చేసినట్టే చేశాను."

డిసెంబరు ఆరో తారీఖు శనివారం బస్సులో పంపించేస్తారట. వాళ్ళ ఊళ్ళో బడి దాటి చదివిన ఆడపిల్ల తనొక్కతే. వాళ్ళ సంఘం మూడేళ్ళు వేచి చూసి ఈ ఒక్క పిల్లని పంపించింది. విత్తనం పాడుచేసిందన్న పేరుతో తిరిగి వెళ్తే, మళ్ళీ ఎవరూ ఆమె చేతికి పిల్లల సండే స్కూలు కూడా ఇవ్వరు.

నేనేం చెయ్యాలి?

మణి


జింజ్, బహ్రెయిన్
నవంబరు 28

మణీ,

రెండు రోజులు ఉత్తరం బ్యాగులో పెట్టుకుని తిరిగాను. నీకు నచ్చినా నచ్చకపోయినా నా మనసులో ఉన్నది రాస్తాను.

నువ్వు మిసెస్ ఫిరి దగ్గరికి వెళ్ళి, ఆ పిల్ల మీద దయ చూపమని బతిమాలు. చిన్నపిల్ల, మొదటి తప్పు అని చెప్పు. అవసరమైతే లింబాని టార్పాలిన్ పడేసి వెళ్ళడం చూశానని చెప్పు. అక్కడితో ఆపు. గోదాము సంగతి ఎత్తకు.

ఎందుకంటే నువ్వొక్కడివే కాదు. ఈ సంఘంలో యువకుల కూటం చూసేది నేను. వచ్చే ఏడు సాకేత్‌నీ రచననీ అక్కడికే పంపాలని ఫారాలు నింపి ఇచ్చాను. నా సంతకం అబద్ధమని తేలితే ఆ పిల్లలిద్దరి ఫారాలూ చెత్తబుట్టలోకి పోతాయి. వాళ్ళేం తప్పు చేశారు? పాస్టర్ గారు నీ సంగతి క్రిస్మస్ పత్రికలో అచ్చుకి ఇచ్చేశారు. నాన్న నలభై ఏళ్ళు పల్లెల్లో ఉపదేశిగా తిరిగి సంపాదించుకున్న పేరు కూడా దీంట్లో ఉంది.

ఇవన్నీ రాసి మళ్ళీ చదువుకున్నాను. ప్రతి వాక్యంలోనూ ఇంకెవరినో అడ్డం పెట్టుకున్నాను. అయినా చించెయ్యడం లేదు. నా భయం ఇది. నలుగురిలో తలెత్తుకుని తిరగడం అలవాటైన దాన్ని, అది పోతే ఎలా బతకాలో తెలియదు.

విజయ


జోంబా దగ్గర, మలావీ
నవంబరు 30

అక్కా,

గుట్టమీద కూర్చుని రాస్తున్నాను, గంటలో పావు అయిపోయింది.

బతిమాలాను. మిసెస్ ఫిరి నన్ను సూటిగా అడిగింది, "నీకు తెలిసినది ఇంకేమైనా ఉందా?" అని. లేదన్నాను. నువ్వు ఉత్తరంలో చెప్పినంత కూడా చెప్పలేకపోయాను. లింబాని పేరెత్తితే, మరి తియామికే ఎందుకు అబద్ధమాడింది అని అడుగుతుంది. ఎవరి దగ్గర నేర్చుకుందో చెప్పాలి.

నీమీద కోపం వచ్చింది, దాచుకోను. ఫారం రాసింది నువ్వు. కానీ ఆరుసార్లు నోటితో చెప్పింది నేను. గోదాములో నోరు తెరవనిదీ నేనే.

ఒక్కటి చెయ్యి. హిద్‌లో పనివాళ్ళ క్యాంపుకి వెళ్ళి భూమేష్ అన్నని కలువు. నేను ఇలా చెప్పుకు తిరిగానని చెప్పి క్షమాపణ అడుగు. అతని పేరు ఇక్కడ చెప్పడానికి ఒప్పుకుంటాడేమో కనుక్కో. ఆయన సరే అంటే ఆయన పేరుతోనే నిజం చెప్పేస్తాను. ఇది ఇంకో వారం వాయిదా వెయ్యడమేనని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

మణి


జింజ్, బహ్రెయిన్
డిసెంబరు 5

మణీ,

వెళ్ళొచ్చాను. ఆరాధన కాగానే మీ బావ కారులో దింపాడు. లోపలికి రానన్నాడు, ఇది మీ ఇద్దరి పని అన్నాడు.

భూమేష్ ఉండే క్యాంపు హిద్ అవతల, ఓడల యార్డులకి దగ్గర. శుక్రవారం కదా, అందరూ బట్టలు ఉతుక్కుంటున్నారు. గదిలో ఎనిమిది మంచాలు. నన్ను చూసి అతను తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి, "క్లినిక్ల పనిచేసే చెల్లె గదా" అన్నాడు. ఆ రోజు అలమర వెనక నన్ను చూశాడన్నమాట. చూసి కూడా పలకరించకుండా వెళ్ళిపోయాడు, నాకు ఇబ్బందవుతుందని. నేను అక్కడే సగం చచ్చాను.

బయట సిమెంటు దిమ్మ మీద కూర్చోబెట్టి సులేమానీ చాయ్ తెప్పించాడు. నువ్వు ఎలా ఉన్నావని అడిగాడు. అంతా చెప్పాను. ఫారం, ఫోటో, ఆఫ్రికా, ఆ అమ్మాయి, అన్నీ. మధ్యలో అడ్డం రాలేదు. ఆ ఏడు అతను ఫోర్‌మన్ కావాల్సినవాడని నాకు ఇవాళే తెలిసింది, కాగితాలు కూడా సిద్ధమైపోయాయట. బెల్టు సంగతి తర్వాత అవి ఆగిపోయాయి, ఊరికి వెళ్ళే సెలవూ రద్దయింది. నాలుగేళ్ళుగా ఎండలో నిలబడి ఇనుముకి పట్టిన తుప్పు గీకుతున్నాడు.

మీ త్యాగాన్ని మేం చేసినట్టు చెప్పుకున్నాం, క్షమించండి అన్నాను. అప్పుడు మాత్రం అతను చాయ్ గ్లాసు కింద పెట్టాడు. అతని మాటలు అతని నోట ఎలా వచ్చాయో అలాగే రాస్తున్నాను.

"త్యాగం గీగం ఏం లేదు చెల్లె. నీ తమ్ముడు గజగజ వణుకుతుండె. గప్పుడు అడిగితె నోట్ల మాట రాదు. నా మీదేసుకుంటె జర దమ్ము తీసుకుంటడు, తెల్లారి తనే వచ్చి చెప్తడనుకున్న. రెండు రోజులు సూసిన. మూడో రోజు నన్ను ఈడికి తోలిన్రు."

మీ పేరు అక్కడ చెప్పుకోవచ్చా అని, నువ్వు అడగమన్నది అడిగాను. కోపం లేదు మణీ, కోపం ఉంటే బాగుండేది.

"నా పేరు చెప్తె ఏమొస్తది? కట్టినోని పేరు చెప్పుమను."

అంతే అన్నాడు. తర్వాత నన్ను గేటు దాకా దింపి, ఎండగా ఉంది, కారు ఎక్కడాపిన్రు అని అడిగాడు.

మనం ఇన్నాళ్ళూ అతని మంచితనాన్ని దొంగిలించామనుకున్నాను. అతను మంచితనం చూపించడానికి అలా అనలేదు. నువ్వు నిజం చెప్పడానికి నీకు ఒక రాత్రి సమయం ఇచ్చాడు. మనం దాన్ని తీసుకుని నాలుగేళ్ళు వాడుకున్నాం.

నేను పోయిన వారం రాసిన ఉత్తరాన్ని కొట్టేసుకో. చెప్పెయ్యి.

విజయ


జోంబా దగ్గర, మలావీ
డిసెంబరు 14

అక్కకి,

నీ ఉత్తరం ఏడో తారీఖు ఆదివారం గుట్టమీద చదివాను. తియామికే ముందురోజే వెళ్ళిపోయింది. బస్సు దగ్గరికి అందరం వెళ్ళాం. తన ట్రంకుపెట్టె పైకెత్తి ఇచ్చింది నేనే.

సోమవారం పొద్దున ప్రార్థనలో లేచి చెప్పాను. బెల్టు కట్టింది నేను, నోరు మూసుకున్నది నేను, మీకు ఆరుసార్లు అబద్ధం చెప్పింది నేను అన్నాను. కట్టినోని పేరు చెప్పమన్నాడని నువ్వు రాశావుగా, అందుకని మూడుసార్లూ నా పేరు పెట్టి చెప్పాను. టార్పాలిన్ సంగతి నేను చూసి కూడా దాచానని చెప్పాను. ఎవరు పడేశారో మాత్రం చెప్పలేదు. ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. చొక్కా విప్పి నిలబడ్డట్టు అనిపించింది.

మిసెస్ ఫిరి ఓదార్చలేదు. నా కథని తను మూడు సంఘాలకి ఉత్తరాల్లో రాసిందట. కాగితాలు తెచ్చి నా ముందు పెట్టి, ఆ మూడింటికీ నువ్వే తిరిగి రాయి అంది. రాశాను. క్లాసు వేరేవాళ్ళకి ఇచ్చేసింది. తిరుగు టికెట్ తారీఖు దాకా చేలో పని చేసుకో అంది.

ఆ రోజు లింబాని నా దగ్గరికి రాలేదు. మంగళవారం పొద్దున నీళ్ళ దగ్గర నా పక్కన నిలబడి బిందె నిండిపోయినా అలాగే ఉన్నాడు. మిసెస్ ఫిరి దగ్గరికి వెళ్దామా అన్నాను. తలూపాడు. ఆవిడ అంతా విని, మీరిద్దరూ వెళ్ళి ఆ పిల్లని తీసుకురండి, లింబాని సంగతి ఆ తర్వాత చూద్దాం అంది.

గురువారం ఇద్దరం బస్సెక్కి తియామికే ఊరికి వెళ్ళాం. తను వాళ్ళమ్మతో కలిసి సరస్సు ఒడ్డున చిన్నచేపలు ఎండబెడుతోంది. వాళ్ళ సంఘపెద్ద కూడా వచ్చాడు. లింబాని తన సంగతి తాను చెప్పుకున్నాడు. నేను నాది చెప్పాను. తియామికే చేపలు తిరగేస్తూనే విన్నది.

అప్పుడు నన్నడిగింది, ఆ గోదాము ఆయన పేరేమిటని. ఆరుసార్లు ఆ కథ చెప్పాను, ఆ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు అక్కా. భూమేష్ అన్నాను. తను రెండుసార్లు పలికి చూసుకుంది. ఆయన ఎన్ని రోజులు చూశాడు అని అడిగింది. రెండు రోజులన్నాను.

"నేను ఇరవై రెండు రోజులు చూశాను సార్. లింబాని తనంతట తనే చెప్తాడని చూశాను. బస్సెక్కే రోజు మీవైపు కూడా చూశాను."

ఆ రోజు నేను ట్రంకుపెట్టె వైపు చూస్తున్నాను.

మర్నాడు మాతో తిరిగొచ్చింది. బస్సులో నా పక్కన చోటు ఉన్నా వెనక్కి వెళ్ళి లింబాని పక్కన కూర్చుంది. ఆరు గంటల ప్రయాణంలో నాతో మాట్లాడలేదు. మాట్లాడాల్సిన అవసరం కూడా లేదు. తన చోటు తనకి దక్కింది.

మణి


జింజ్, బహ్రెయిన్
డిసెంబరు 19

మణీ,

ఈ వేళ ఆరాధనలో సాక్ష్యాల సమయంలో లేచాను. అందరూ నవ్వుమొహంతో నావైపు తిరిగారు, నీ సంగతులేవో శుభవార్తలు చెప్తాననుకున్నారు. చెప్పాను. ముందు కుర్చీ పట్టుకునే చెప్పాను. భూమేష్ పేరు, అతని ఊరు, అతని మెడలో దారంతో సహా చెప్పాను. పాస్టర్ గారు పాట ఎత్తుకున్నారు. పాటయ్యాక రచన వాళ్ళమ్మ నా పక్కనుంచి లేచి వేరే వరుసలోకి వెళ్ళింది. యువకుల కూటం నేనే వదిలేశాను, వాళ్ళు అడిగేదాకా ఆగలేదు. ఆ పిల్లలిద్దరి ఫారాలూ వేరే పెద్దలచేత మళ్ళీ రాయించమని చెప్పాను. నీ ఫోటో నేనే దించి తెచ్చాను, బీరువాలో ఉంది.

సిగ్గు ఇంత బరువుంటుందని తెలియదు. అయినా ఇంటికొచ్చి అన్నం తిన్నాను, నిద్ర కూడా పట్టింది.

ఇక మిగిలింది ఒక్కటే. అతనికి నేను చెప్పాను, నువ్వు చెప్పలేదు. రాసి పంపు. ప్రింటు తీయించి, అతని చేతికిచ్చి వస్తాను. అతనికి తెలుగు చదవడం బాగా వచ్చు.

విజయ


జోంబా దగ్గర, మలావీ
డిసెంబరు 21

భూమేష్ అన్నకు,

నేను మణికుమార్‌ని, గోదాములో సామాన్ లెక్క రాసేవాణ్ణి. నీ ఆరోగ్యం అడిగే అర్హత నాకు లేదు, అయినా చేతికి తగిలిన గాయం మానిందని తెలిస్తే సంతోషిస్తాను.

ఆ రోజు అద్దాల పెట్టెకి బెల్టు కట్టింది నేను. పైవాళ్ళు అడిగినప్పుడు నీకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాను. ఈ మాట ఇక్కడ ఇరవైమందికి పైగా చెప్పాను, మూడు సంఘాలకి రాశాను. నీకు మాత్రం ఇప్పుడే చెబుతున్నాను. కంపెనీకి ఇంగ్లీషులో ఇదే రాసి సంతకం చేసి దీంతో పాటు పంపుతున్నాను. ఇస్తే నీకు మేలో కీడో నాకు తెలియదు, అది నీ ఇష్టం. చింపేసినా సరే. పోలీసులు పిలిచినా, కంపెనీ పిలిచినా నేను వచ్చి నిలబడతాను.

నువ్వు రెండు రోజులు చూశావని అక్క రాసింది. నీకు తెలియని సంగతి ఒకటి ఉంది, అది కూడా చెప్పకపోతే ఈ ఉత్తరం కూడా అబద్ధమే అవుతుంది. రెండో రోజు సాయంత్రం డ్యూటీ దిగాక క్యాంపులో నీ గది ముందుకి మూడుసార్లు వచ్చాను. మూడోసారి నువ్వు తలుపు తీసి పెట్టావు. గదిలో ఇంకెవరూ లేరు, మంచం మీద పక్కన చోటు వదిలి కూర్చుని ఉన్నావు. నువ్వు నా కోసమే చూస్తున్నావని నాకు తెలుసన్నా. అడుగుల చప్పుడు వినపడుతుందని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, నీ గుమ్మం దాటి వెళ్ళిపోయాను.

మణికుమార్